ఆరో కుంచం

మా అమ్మ నన్ను అనుమానప్పక్షి అనేది. ఊరికే అనలేదు. పోస్టు డబ్బాలో ఉత్తరం వేశాక లోపల పడిందో లేదోనని చెయ్యి దూర్చి తడిమేదాన్ని. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసేదాన్ని. పాలామె "అచ్చంగా గేదె పాలేనమ్మా" అంటే, అడక్కుండా ఎందుకు చెప్పిందా అని ఆ పూటంతా ఆలోచించేదాన్ని. ఇప్పటికీ ఆ బుద్ధి పోలేదు. పోవాలని నాకూ లేదు.

ఇది నాకు రైసుమిల్లులో అబ్బిన గుణం. మా నాన్న రేపల్లెలో ఒక మిల్లులో కొలత మనిషి. చిన్నప్పుడు ఆయనకి అన్నం క్యారియర్ పట్టుకెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. రైతు షావుకారుని నమ్మడు. షావుకారు రైతుని నమ్మడు, బస్తా మధ్యలో తడిగింజలు దాచాడేమోనని ఇనుపగొట్టం గుచ్చి బయటికి లాగి చూస్తాడు. కాటాని ఇద్దరూ నమ్మరు. తవుట్లో బియ్యం పోతున్నాయేమోనని ఆడవాళ్ళు మరపట్టేవాడి మీద ఒక కన్నేసి ఉంచుతారు. ఇంతమంది అనుమానం మధ్యలో అందరూ కలిసి నమ్మేది ఒక్క మా నాన్న కుంచాన్నే.

వ్యాపారం ధాన్యానికి కాటా ఉండేది. ఇంట్లోకి తిండిగింజలు ఆడించుకునేవాళ్ళు మాత్రం కుంచంతో కొలిపించుకునేవాళ్ళు. నాన్న రాశి ముందు గొంతుక్కూర్చుని, కుంచం నింపి, అరచేత్తో పైన సాపు చేసి, గోతంలోకి ఒంపుతూ లెక్క పాడేవాడు. మొదటి కుంచానికి ఒకటి అనకూడదు, "లాభం" అనాలి. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు. లాభం అన్నాక రాశి అయిపోయేదాకా ఆయన ఆగడు, ఎవరూ పలకరించరు. ఒకసారి అమ్మకి ఒంట్లో బాగోలేదని మనిషి పరిగెత్తుకొచ్చినా, కొలత పూర్తి చేసి, గోతం మూతి కట్టి, అప్పుడు "ఏంటి?" అన్నాడు. దానికి అమ్మ నెల్లాళ్ళు సాధించింది.

ఏటి మధ్య లంకల నుంచి బండి కట్టుకొచ్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఎవర్నీ నమ్మని మనిషి, అందుకే నాకు ఇష్టం. కాఫీ హోటల్లో గ్లాసు తనే కడుక్కునేవాడు. అలాంటివాడు మా నాన్న కొలత మొదలెట్టగానే రాశికి వీపు పెట్టి, చుట్ట వెలిగించుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ వీపే మా నాన్న సంపాదించుకున్నది. ఏ రోజైనా ఆ మనిషి ఇటు తిరిగి కూర్చుంటే మా నాన్నకి మిల్లులో పని లేనట్టే. పని సంగతి అలా ఉంచండి, ఆయనకి ఇంకేమీ లేనట్టే.

అరవైల చివర్లో, నేను బాపట్లలో టీచరుగా ఉన్న రోజుల్లో ఒక సినిమా డైరెక్టర్ మా మిల్లులోకి వచ్చాడు. వేసవి సెలవులకి నేను రేపల్లెలో ఉన్నాను. ఆయనది నీరుకావి చొక్కా, అరిగిన చెప్పులు. తనది తెనాలి అన్నాడు. నాటకాలకి తెరలు కట్టే ఇంట్లో పుట్టానన్నాడు. మద్రాసులో కొన్నాళ్ళు ఎవరెవరి దగ్గరో పనిచేసి ఇప్పుడు సొంతంగా మొదటి సినిమా తీస్తున్నానన్నాడు. వీటిలో ఏ ఒక్కటీ మిల్లులో ఎవరూ నమ్మలేదు.

ఎలా నమ్ముతారు? సినిమా తీసేవాడు తోటల్లో తిరుగుతాడు గాని వడ్ల దుమ్ములో ఏం చేస్తాడు? బస్తా మీద కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఊరికే చూసేవాడు. చెరిగే ఆడవాళ్ళు అడిగారు.

"పాటలెన్నండీ?"

"పాటల్లేవమ్మా."

"హీరోయిన్ ఎవరండీ?"

"లేదమ్మా. మిల్లులో కొత్తగా చేరిన గుమస్తా కథ. పని చేసుకునేవాళ్ళని చూసి నవ్వుకునే కథ."

ఆడవాళ్ళు చేటలు పట్టుకుని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పాటల్లేవు, హీరోయిన్ లేదు. ఇంక సినిమా ఎక్కడుంది అందులో? షావుకారు ఇతను మిల్లు సర్కారుకి అమ్మి తీరాల్సిన లెవీ ధాన్యం సంగతి ఆరా తీయడానికి అక్కణ్ణుంచి పంపిన మనిషే అని తేల్చేసుకున్నాడు. తన చేత్తో కాఫీ తెచ్చిచ్చేవాడు. ఆవరణ రెండు పూటలా ఊడిపించాడు. ఎన్నడూ చెయ్యనంత హుషారుగా అందరూ పని చెయ్యడం మొదలెట్టారు. అది చూసి డైరెక్టర్ నెత్తి పట్టుకున్నాడు.

"అబ్బే, ఇట్లా కాదండీ. నేనొచ్చిన మొదటిరోజు చేశారే, మెల్లిగా, కబుర్లు చెప్పుకుంటా, అట్లా చెయ్యండి."

మెల్లిగా చెయ్యమని బతిమాలే మనిషిని మా మిల్లులో అంతకు ముందు ఎవరూ చూడలేదు. "ఇదేదో ఉచ్చు" అంది చెరిగే వాళ్ళలో పెద్దామె. అందరూ ఇంకా గబగబా చెయ్యసాగారు.

కెమెరా దిగాక గాని ఆ అనుమానం తీరలేదు. అదేమంత కెమెరా కాదు. దానితోపాటు ఒక లైటు, సౌండు పట్టే పెట్టె, నలుగురు మనుషులు. ఫిల్ము కూడా పెద్ద కంపెనీలు వాడగా మిగిలిన ముక్కలట, చాలా పొదుపుగా వాడేవాళ్ళు. సర్కారు మనిషి ఇంత బీదగా ఉండడని షావుకారు కుదుటపడ్డాడు. సరిగ్గా అప్పుడు నాకు మొదలైంది.

ఎందుకంటే కథలో ఒక కొలత మనిషి ఉన్నాడని తెలిసింది. కొత్త గుమస్తా వచ్చి ఏవేవో అడుగుతుంటే ఆ కొలత మనిషి మాటల్లో పడి ఒక అంకె ఎగరేస్తాడట, అక్కడ జనం నవ్వుతారట. ఆ వేషానికి తెనాలి నుంచి ఒక స్టేజీ నటుణ్ణి తీసుకొచ్చారు. ఆయన మనిషి మంచివాడే గాని, కుంచాన్ని గదలాగా భుజానికెత్తి, కెమెరాకి ఎదురుగా నిలబడి, "లా...భం" అని రాగం తీశాడు. వడ్లు సగం ఆయన నెత్తినే పడ్డాయి. చెరిగే ఆడవాళ్ళు నవ్వారు గాని డైరెక్టర్ నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి మా నాన్న దగ్గరికొచ్చాడు.

"బాబాయ్‌గారూ, మీరే చెయ్యాలండి. మీ పని మీరు చేసుకోటమే, ఇంకేం లేదు. ఒక్క అంకె మాత్రం మర్చిపోవాలి."

"ఏ అంకె?"

"ఏదైనా సరేనండి. ఉత్తుత్తినే."

"ఉత్తుత్తినే అయినా నేననను బాబూ. నోటికి అలవాటైపోద్ది," అన్నాడు నాన్న.

డైరెక్టర్ వాదించలేదు. అది నాకు నచ్చలేదు. అంత తేలిగ్గా ఒప్పుకునేవాడి మనసులో ఇంకేదో ఉంటుంది. "సరేనండి, మీరు రోజూలాగే కొలవండి. ఆయనేం అడిగినా పట్టించుకోవద్దు," అన్నాడు. ఇంజను ఆపించారు. మిల్లంతా నిశ్శబ్దమైపోయింది. నాన్న రాశి ముందు కూర్చుని, మొహం తుడుచుకుని, లాభం అన్నాడు. గుమస్తా వేషం కట్టినాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"రెండు," అన్నాడు నాన్న.

"నీ పేరేంటి?"

"మూడు."

"ఏ ఊరు నీది?"

"నాలుగు."

"పిల్లలెంతమంది?"

"ఐదు."

"పెళ్ళయి ఎన్నేళ్ళయింది?"

"ఆరు."

కెమెరా వెనక ఎవరో గొంతులోనే నవ్వు నొక్కుకున్నారు. నాన్నకి అదేం తెలీదు. ఆయన చెవులు అంకెలు తప్ప వినవు. డైరెక్టర్ "కట్" అన్నాడు. నాన్న ఏడు అన్నాడు. డైరెక్టర్ మళ్ళీ అరిచాడు. నాన్న ఎనిమిది అన్నాడు. కట్టూ లేదు, గిట్టూ లేదు. రాశి మొత్తం అయిపోయి, గోతం మూతి కట్టాక తలెత్తి, "ఏంటి బాబూ, పిలిచావా?" అన్నాడు. అప్పటికి కెమెరాలో ఫిల్ము అయిపోయింది. డైరెక్టర్ నేల మీద చతికిలబడి కళ్ళనీళ్ళొచ్చేట్టు నవ్వుతున్నాడు. అంత ఫిల్ము దండగైతే నవ్వేవాడిని ఏమని నమ్మను?

వాళ్ళు సామాను సర్దుకుంటుంటే వెళ్ళి అడిగాను.

"ఏవండీ, మద్రాసులో మీరు కత్తెరతో కోసి అతికిస్తారంట గదా?"

"అవునండి."

"అయితే మా నాన్న అన్న అంకె ఒకటి కోసేస్తే, ఆయన మర్చిపోయినట్టే ఉంటుంది గదా? మీకు మొదట కావలసింది అదే గదా?"

ఆయన కడుతున్న మూట వదిలేసి ఇటు తిరిగాడు. "చెల్లెమ్మా, ఇంత దూరం నాకే తట్టలా. ఇప్పుడు నాకు మీ నాన్నగారి అంకెలన్నీ కావాలి. ఒక్కటి పోయినా నవ్వు పోద్ది," అన్నాడు. చెల్లెమ్మా అన్నాడు కాబట్టి నా అనుమానం ఇంకాస్త పెరిగింది.

ఆ ఏడాదంతా నేను నిశ్చింతగా నిద్రపోలేదు. బళ్ళో పిల్లలకి ఎక్కాలు చెప్తుంటే ఆరు దగ్గరికో ఎనిమిది దగ్గరికో వచ్చేసరికి, ఏ అంకె కోస్తాడో అనుకునేదాన్ని. నాన్నతో అంటే "అన్నమాట అన్నట్టే ఉంటది గదమ్మా, ఎట్టా పోద్ది?" అనేవాడు. నోటి మాట గాల్లోకి పోయినట్టే డబ్బాలో చుట్టిన మాట కూడా పోవచ్చని ఆయనకి ఎలా చెప్పను? రేపల్లెలో ఆ సినిమా ఆడితే లంకల నుంచి, పల్లెల నుంచి ఆ రైతులే వచ్చి చూస్తారు. తెర మీద నాన్న ఒక్క అంకె ఎగరేస్తే చాలు. నవ్వుతారు, ఇంటికెళ్తారు, దారిలో ఆలోచిస్తారు.

సినిమా ముందు తెనాలిలో వచ్చింది. వచ్చిందని తెలియగానే తోటి టీచరుని వెంటబెట్టుకుని బాపట్లలో రైలెక్కాను. హాల్లో ఆడవాళ్ళ బెంచీలన్నీ ఖాళీ. పాటల్లేని సినిమాకి ఎవరొస్తారు? కాని వచ్చినవాళ్ళు మాత్రం పడీపడీ నవ్వారు. షావుకారు కాఫీ మోసుకురావడం, ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోవడం, అన్నీ కథలో పెట్టాడు. నవ్వొచ్చేవే, నేను నవ్వలేదు. నాన్న తెర మీదికి రాగానే నా వేళ్ళు ముడుచుకోవడం మొదలెట్టాయి. లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. హాలు హోరెత్తింది. ఆ హోరులోనే ఏడు వినపడింది, ఎనిమిది వినపడింది. డైరెక్టర్ అరిచిన "కట్" కూడా అలాగే ఉంచేశాడు. దానికి ఇంకా నవ్వారు.

"ఇప్పుడైనా తృప్తేనా తల్లీ?" అంది నాతో వచ్చిన టీచరు.

"ఇది తెనాలి కాపీ. తనది ఈ ఊరే గదా, ఇక్కడికి మంచిది పంపాడేమో," అన్నాను.

కొన్ని నెలలకి అది బాపట్లకొచ్చింది. మళ్ళీ వెళ్ళాను. ఈసారి తెర మీద వాన పడుతున్నట్టు గీతలున్నాయి. గొంతులు బొంగురుపోయాయి. అయినా అంకెలన్నీ ఉన్నాయి. ఆరు స్పష్టంగా ఉంది. ఆ మాటకి జనం నవ్వడమూ ఉంది. అక్కడ, ఆ బెంచీ మీద, మొదటిసారి నేను ఒక మనిషిని పూర్తిగా నమ్మాను. పాపం, ఆ డైరెక్టర్ని ఎంత అనుమానించాను అని కూడా అనుకున్నాను. నా జీవితంలో అలాంటి సాయంత్రాలు ఎక్కువ లేవు.

ఆ నమ్మకంతోనే, రేపల్లెకి సినిమా వచ్చినప్పుడు నేనే నాన్నని బయల్దేరదీశాను. ఆదివారం మ్యాట్నీ. ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగించాను. మిల్లు మిల్లంతా వచ్చింది. షావుకారు కుర్చీలో, మిగతావాళ్ళు బెంచీల్లో. లంకల పెద్దాయన బండి కట్టుకుని మరీ వచ్చి నాన్న పక్కనే కూర్చున్నాడు. తెర మీద మిల్లు కనపడగానే ఈలలు వేశారు. నాన్న కనపడగానే హాలంతా ఆయన వైపు తిరిగింది. ఆయన సిగ్గుపడి తల వంచుకున్నాడు. నాకు గర్వంగా ఉంది, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

లాభం అనగానే జనం అందుకున్నారు. ఏళ్ళ తరబడి విన్న లెక్క అది. రెండు, మూడు, నాలుగు అని హాలంతా నాన్నతోపాటు పాడుతోంది. "పిల్లలెంతమంది?" అన్నాడు గుమస్తా. "ఐదు" అన్నాడు తెర మీద నాన్న. టక్కుమని ఏదో చప్పుడైంది, బొమ్మ ఒక్క ఎగురు ఎగిరింది.

"ఏడు," అన్నాడు నాన్న.

హాలు మాత్రం "ఆరు" అంది. అందరూ ఒక్క గొంతుతో.

వెనక నుంచి ఒకడు "ఆరేదయ్యో?" అని అరిచాడు. నవ్వులు మొదలయ్యాయి. తెనాలిలో నవ్విన నవ్వు కాదు అది. పెద్దాయన మెల్లిగా తల తిప్పి నాన్న మొహంలోకి చూశాడు. నాన్న తెర వైపే చూస్తున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి.

నేను లేచి మెట్లెక్కి ఆపరేటర్ గదిలోకి దూరాను. చెమటలు కక్కుతూ మిషను దగ్గర నిలబడ్డ అతని మీద విరుచుకుపడ్డాను. అతను విసుక్కోలేదు.

"ఈ పెట్టె ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చిందో తెలుసా అక్కా? ఎక్కడికక్కడ తెగిపోద్ది. తెగిన చోట ఇంత ముక్క కత్తిరించి అతికిస్తాం. అతుకు మీద అతుకు. మీరనే చోట వచ్చేటప్పటికే అతుకుంది, నేనేసింది గాదు."

అంతే. ఎవరూ కొయ్యలేదు. ఎవరి కుట్రా లేదు. నేను అనుమానించనిది ఏదన్నా ఉందంటే అదొక్కటే. డైరెక్టర్ మీద కోప్పడదామన్నా ఇప్పుడు వీల్లేదు. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఆ మెట్ల మీదే నిలబడి ఏడ్చాను.

దారిలో నాన్నకి చెప్పాను. ఫిల్ము తెగిందని, అతికించారని, తెనాలిలో ఆరు ఉందని, బాపట్లలోనూ ఉందని, నా చెవులతో విన్నానని. ఆయన వింటూ నడిచాడు. ఇంటి దగ్గరికొచ్చాక ఆగాడు.

"నువ్వు నా కూతురివి గదమ్మా. అట్టాగే అంటావు."

"ఒట్టు నాన్నా. ఆపరేటర్ని అడుగు, పద, అతుకు చూపిస్తాడు."

"అతుకుంటే ఉండొచ్చులే. గొంతు నాదేగా? ఐదు తర్వాత ఏడన్నది నేనేగా? ఇన్నేళ్ళనుంచి కొలుస్తన్నా. కొలిచేప్పుడు నా మాట నాకినపడదు. ఎన్నిసార్లు అన్నానో ఇట్టా, ఎవరికి తెలుసు?"

జన్మలో ఎవర్నీ నమ్మని నేను, నిజంగా ఎరిగి, రెండుసార్లు వేళ్ళ మీద లెక్కపెట్టి, ఒక్క మాట గట్టిగా చెప్తే మా నాన్న నన్ను నమ్మలేదు. ఆయన్ని ఓదార్చడానికి అబద్ధమాడుతున్నాననుకున్నాడు. దానికి నేనేం చెయ్యను?

మర్నాడు బడికి సెలవు పెట్టి ఆయన వెంట మిల్లుకెళ్ళాను. సినిమా ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తి నవ్వినా బాగుండేది. షావుకారు మామూలు కంటే మర్యాదగా మాట్లాడాడు. పెద్దాయన బండిలోంచి వడ్లు దింపించి రాశి పోయించాడు. నాన్న కుంచం తీసుకుని కూర్చున్నాడు. పెద్దాయన చుట్ట తీశాడు గాని వెలిగించలేదు. రోడ్డు వైపు తిరగబోయి, ఒక్క క్షణం ఆగి, ఎండ కళ్ళల్లో పడుతోందన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇటు తిరిగి కూర్చున్నాడు.

నాన్న చూశాడు. లాభం అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. రెండు, మూడు, నాలుగు. ఐదు అని ఒంపాడు. కుంచం నింపాడు, సాపు చేశాడు, ఒంపుతూ ఆరు అన్నాడు. స్పష్టంగా, అందరికీ వినపడేట్టు అన్నాడు. తర్వాతి కుంచం నింపబోయి చెయ్యి ఆపాడు. కొలత మధ్యలో మా నాన్న ఆగడం నేనెప్పుడూ చూడలేదు. తలెత్తి నా వైపు చూశాడు.

"ఆరేనా అమ్మాయ్?"

"ఆరే నాన్నా."

నా మొహంలోకి కాసేపు అలాగే చూశాడు. తర్వాత గోతం ఎత్తి, గింజలన్నీ తిరిగి రాశిలో కుమ్మరించి, మళ్ళీ మొదట్నుంచి లాభం అన్నాడు.